వేలెడు తెలుపు

గీతలు గీసేదాన్ని నేను, గీతలు చూసేది మా ఆయన. మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు ఈ మాట అని నవ్వేవాళ్ళు. ఏడాదిలో పదకొండున్నర నెలలు ఆయన దర్జీ. మిగిలిన రెండు వారాలు, టోర్నమెంటు జరిగే రోజుల్లో, దుకాణానికి తాళం వేసి, తనే కుట్టుకుని తనే ఇస్త్రీ చేసుకున్న తెల్ల ప్యాంటు తొడుక్కుని సెంటర్ కోర్టు చివర కుర్చీలో కూర్చునేవారు. బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని చూసి చెప్పే లైన్ అంపైరు ఉద్యోగం. దారప్పోగు తేడా కూడా ఆయన కంటికి ఆనేది.

నేను అదే స్టేడియంలో కోర్టు పనివాళ్ళ గుంపులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. మాది గట్టి నేల కోర్టు. గడ్డీ ఉండదు, మట్టీ ఉండదు. తారు మీద ఇసుక కలిపిన రంగు పోసి, రబ్బరు బద్దతో లాగి, పూత మీద పూత సాపు చేస్తాం. ఆరాక టేపు రెండు వరసలు అంటించి మధ్యలో తెల్ల గీత వేస్తాం. పనంతా మోకాళ్ళ మీదే. గుంపులో నన్ను గీతలమ్మ అనేవాళ్ళు. నా అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినపడేది కాదు.

ఈ ఏడాది టోర్నమెంటుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. అందుకని స్టాండు కింద ఒక చరిత్ర గది పెడుతున్నామనీ, మా ఆయన ఫోటో ఏదైనా ఉంటే తెచ్చి ఇమ్మనీ ఆ గది పని చూస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళకు గుర్తొచ్చాడన్నమాట నా మొగుడు అని సంతోషించి, బీరువా అడుగున ఉన్న ఫోటో తీసి, కొత్త కవరులో పెట్టుకుని శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను.

ఆ అమ్మాయి మెడలో ఒక కెమెరా, చేతిలో ఇంకో కెమెరా. స్టేడియంలో అందరూ ఫోటోల అమ్మాయి అంటున్నారు. నన్ను పెద్దమ్మా అని పిలిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గుమ్మం దాటగానే నాకు నవ్వొచ్చింది. అది ఒకప్పుడు మా రంగు డబ్బాల గది. ఎన్ని సున్నాలు కొట్టినా ఒక మూల నుంచి ఆ పాత వాసన వస్తూనే ఉంది.

గోడల చుట్టూ ఏడాది వరసన ఫోటోలు పెట్టింది. మొదటి ఏడాది నాలుగే కోర్టులు, అవీ మట్టివి. బెంచీల మీద జనం కంటే ఖాళీ ఎక్కువ. ఆడేవాళ్ళు తమ తువ్వాళ్ళు తామే తెచ్చుకున్నారట. మూడో ఏడాది వారం రోజులు విడవకుండా వాన పడి కోర్టులు బురదగుంటలైతే, ఫైనల్ ఆడాల్సిన ఇద్దరూ కప్పు ఎవరిదో నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. ఆ సిగ్గుతోనే నాలుగో ఏడాది నుంచి గట్టి నేల వేశారు. వాన వెలిసిన గంటకే తుడిచి ఆడొచ్చు. మొదట ఇటుక ఎరుపు, తర్వాత ఆకుపచ్చ, టీవీలో పసుపు బంతి బాగా కనపడాలని ఆఖరికి నీలం. తెల్ల బంతులు పసుపువయ్యాయి, చెక్క బ్యాట్లు పోయాయి, స్టాండ్లు అంతస్తులు లేచాయి. ఫోటోల అమ్మాయి ఒక్కోటీ చూపిస్తూ చెబుతుంటే, ఆ ఎరుపు మీద ఆకుపచ్చ వేసిన వేసవిలో నా మోకాళ్ళు ఎలా కాలాయో గుర్తొచ్చింది. ఫోటోల్లో మేం ఎక్కడా లేం. మేం పనిచేసేది జనం రాకముందే కదా.

ఆఖరి గోడ మీద ఒకే ఒక ఫోటో, తలుపంత ఉంది. అందులో మా ఆయన. కుర్చీలోంచి సగం లేచి, కుడి చెయ్యి పక్కకు బారుగా చాపి ఉన్నారు. కింద రెండు వరసల రాత. చదవడం నాకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి దేన్నైనా రెండుసార్లు చదవడం అలవాటు. ఆ రోజు మూడుసార్లు చదివాను.

"మా చరిత్రలో అతి పెద్ద పొరపాటు. ఈ ఏడాది నుంచి గీతలను యంత్రాలే చూస్తాయి."

ఫోటోల అమ్మాయి నా మొహం చూసి కంగారు పడింది. ఎవరినీ చిన్నబుచ్చాలని కాదు పెద్దమ్మా, అందరూ చెప్పుకునే కథే కదా, వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఈ ఫోటో గురించే, అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఇరవై మూడేళ్ళుగా ఊరంతా అలాగే చెప్పుకుంటోంది.

అది ఆడవాళ్ళ ఫైనల్. ఒక పక్క ఆడుతున్నావిడ ఎడమచేతి వాటం మనిషి. పేపర్లవాళ్ళు, టిక్కెట్లవాళ్ళు అందరూ ఆవిడను ఎడంచెయ్యి అనే పిలిచేవాళ్ళు. మూడో సెట్టు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు ఆవిడదే. బంతిని అవతలి పక్క కుడి మూలకు, కోర్టు చివరి అడ్డగీత అయిన బేస్‌లైన్ మీదకు కొట్టింది. రెండో ఆవిడకు అందలేదు. జనం లేచి చప్పట్లు కూడా మొదలుపెట్టారు. అప్పుడు మా ఆయన చెయ్యి చాపి "అవుట్" అన్నారు.

ఆవిడ నెట్టు దాటి ఆయన కుర్చీ దాకా వచ్చింది. "నీకు కళ్ళున్నాయా" అని అడిగింది. పెద్ద అంపైరు మైకు దగ్గర్లోనే ఉండటంతో ఆ మాట స్టేడియం అంతా వినపడింది. ఆయన బదులు చెప్పలేదు. చెప్పకూడదు కూడా, అది వాళ్ళ నియమం. ఆ తర్వాత ఆవిడకు ఒక్క బంతీ కుదరలేదు, ఫైనల్ పోయింది. మళ్ళీ ఎప్పుడూ ఫైనల్ దాకా రాలేదు. ఆ రాత్రే టీవీలో నెమ్మదిగా తిప్పి చూపించారు. బంతి తెలుపు మీద పడినట్టే ఉంది. మర్నాటి పేపర్లో మా ఆయన కళ్ళద్దాల బొమ్మ వేశారు. ఆయనకు అసలు కళ్ళద్దాలే లేవు.

మరుసటి ఏడాది ఆయనను సెంటర్ కోర్టు నుంచి తీసి, గోడవారన ఉండే తొమ్మిదో నంబరు కోర్టుకు వేశారు. దుకాణానికి వచ్చేవాళ్ళు ప్యాంటు పొడుగు మీరు కొలవకండి మేస్టారూ, మీ ఆవిడను పిలవండి అని వేళాకోళం ఆడేవాళ్ళు. ఆయన నవ్వి, ఆవిడ చేతికి తెల్ల రంగుంది, మీ ప్యాంటు నల్లది అనేవారు. నాలుగేళ్ళకు ఆ కోర్టుకు వెళ్ళడమూ మానుకున్నారు. టోర్నమెంటు జరిగే రెండు వారాలూ దుకాణం తెరిచి కూర్చునేవారు. రేడియో పెట్టేవారు కాదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ ఏడాది టోర్నమెంటుకు మూడు రోజుల ముందు రిఫరీ టేపు పట్టి కోర్టు కొలిచారు. బేస్‌లైన్ల బయటి అంచుల మధ్య డెబ్బై ఎనిమిది అడుగులు ఉండాలి. ఒక పక్క గీత వేలెడు బయటికి ఉంది. గీతంతా చెరిపి మళ్ళీ వేసే వ్యవధి లేదు. బయటి అంచు పొడుగునా వేలెడు మందాన ఆకుపచ్చ పూసి కప్పేయమని మా మేస్త్రీ నాకు చెప్పాడు. తెలుపు మీద ఏ రంగైనా ఒక పూతతో ఆగదు. నాలుగు రోజులు బూట్లు రాసుకుంటే కింది తెలుపు తొంగిచూస్తుంది. రెండు పూతలు వెయ్యాలి, అదీ మొదటిది బాగా ఆరాక.

మొదటి పూత గీత పొడుగునా వేశాను. సాయంత్రం రెండోది వేస్తూ వచ్చాను. కుడి మూలకు ఇంకా మూడడుగులు ఉందనగా చినుకులు పడ్డాయి. పరదా కప్పి ఇంటికి వెళ్ళిపోయాను. పొద్దున్నే నన్ను ప్రాక్టీసు కోర్టులకు పంపారు. దారిలో మేస్త్రీ ఎదురై, రెండు పూతలూ అయ్యాయా అన్నాడు. అయ్యాయి అన్నాను. అంతకు ముందు వారమే పని సగంలో వదిలేశారని ఇద్దరిని తీసేశారు. మూడడుగులే కదా, మధ్యాహ్నం ఖాళీ చూసుకుని వేసేస్తానులే అనుకున్నాను. మధ్యాహ్నం నుంచి సెంటర్ కోర్టులోకి మమ్మల్ని రానివ్వలేదు. మర్చిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అయ్యాయని చెప్పిన నోటితో కాలేదని చెప్పలేకపోయాను.

రెండు వారాల ఆటకి ఆ మూల అరిగింది. ఎడంచెయ్యి కొట్టిన బంతి ఎక్కడ పడిందో నేను పనివాళ్ళ గేటు దగ్గర నిలబడి చూశాను. అంత దూరం నుంచి నాకేం కనపడలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు మాత్రం ఆ మూడడుగులే గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం రిఫరీ గదిలో ఆయనను చాలాసేపు అడిగారట. బంతి గీత బయట పడింది అని ఒక్క మాట తప్ప ఇంకేం చెప్పలేదట. ఇంటికి వచ్చి, ప్యాంటు మడత పెట్టి కుర్చీ వీపుకు వేసి, మిషను ముందు కూర్చున్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ, "ఆ అంచుకి ఎన్ని పూతలు వేశావు?" అని అడిగారు.

"రెండు" అన్నాను.

"సరే" అని మిషను తొక్కడం మొదలుపెట్టారు.

ఆయనకు నిజంగా తెలియదనే ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. పని బాగా చేశానో లేదో అని ఊరికే అడిగి ఉంటారు అనుకున్నాను. తేలు కుట్టిన దొంగ నోరు మెదపడు. పక్కవాడికి తెలిసిపోయిందేమో అని అడగడు కూడా.

కానీ తలుపంత చేసిన ఆ ఫోటోలో దాచడానికి ఏమీ మిగల్లేదు. బేస్‌లైన్ లోపలి అంచు కత్తితో కోసినట్టుంది. బయటి అంచు అంతటా అలాగే ఉండి, ఆ మూల మూడడుగుల్లో మాత్రం పీచులేచిన గుడ్డ అంచులా ఉంది. మామూలు వాళ్ళకు అది గీతలాగే కనపడుతుంది. దాన్ని గీసినవాళ్ళకు అలా కనపడదు. ఇంక మా ఆయన కళ్ళు. చెయ్యి పక్కకి చాపినా, ఆయన చూస్తున్నది బంతినీ కాదు, తన మీదకు వస్తున్న ఎడంచెయ్యి ఆవిడనీ కాదు. తల వంచి ఆ పీచు అంచును చూస్తున్నారు. కుట్టు విడిపోయిన చోటును చూసేటప్పుడు ఆయన మొహం అలాగే ఉండేది.

ఫోటో కవరు ఆ అమ్మాయి చేతిలో పెట్టలేదు. రేపు వస్తానని చెప్పి బయటికి వచ్చాను.

బయట కోర్టు మీద మనుషులు తాళ్ళు పట్టి కొలుస్తున్నారు. ఇప్పుడు గుంపుకి మేస్త్రీ జిగురు. మాట మొదలుపెడితే వదలడని ఆ పేరు పెట్టింది నేనే. టేపు తిన్నగా లాగడం నేర్పిందీ నేనే. నన్ను చూసి అక్కా అంటూ పరిగెత్తుకొచ్చాడు. పూతలన్నీ పేరుకుని పగుళ్ళు వస్తున్నాయనీ, సోమవారం యంత్రం పెట్టి తారు దాకా చెక్కేసి మొదటినుంచీ కొత్తగా వేస్తున్నామనీ చెప్పాడు. యాభై ఏళ్ళ మట్టి వదిలిపోతుంది అక్కా, అన్నాడు. సోమవారం దాటితే ఆ మూల పొడి అయిపోతుంది. ఆ తర్వాత నేను ఎంత గొంతు చించుకున్నా అది ఒక ముసలిదాని మాట మాత్రమే.

ఆ రాత్రి నిద్ర పట్టిందని చెప్పను. నా ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, తీసెయ్యడానికి ఎవరూ లేరు. అయినా భయం వేసింది. గీతలమ్మ చేతి గీత తప్పదు అని ఇప్పటికీ గుంపులో చెప్పుకుంటారు. నాకంటూ మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని నిలుపుకోవాలంటే ఆయన ఆ గోడ మీద అలాగే ఉండాలి.

శనివారం వెళ్ళి ఫోటోల అమ్మాయికి అంతా చెప్పాను. ఆ పిల్ల నన్ను డైరెక్టరు గదికి తీసుకెళ్ళింది. ఆయన మర్యాదస్తుడు, లేచి నిలబడి కుర్చీ వేశాడు. అంతా విని, "మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ మొగుడి గురించి ఏ భార్యయినా ఇలాగే చెబుతుంది కదా" అన్నాడు.

"మొగుడు మంచివాడని చెబుతుంది బాబూ. తప్పు నాదని చెబుతుందా?" అన్నాను.

ఆయన మాట మార్చాడు. టీవీ వాళ్ళు ఆ కథ మీదే ఒక కార్యక్రమం చేస్తున్నారని, ఆ ఎడమచేతి ఆవిడే వచ్చి గది తెరవబోతున్నారని చెప్పాడు. ఋజువు లేకుండా చరిత్ర మార్చలేమన్నాడు. ఋజువు ఆ మూల ఉంది, సోమవారం దాన్ని చెక్కేస్తున్నది మీరే అన్నాను. అదే బయటి అంచు మీద గీత మధ్యలో ఒక ముక్క, ఆ మూలలో ఒక ముక్క కోయించండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒకేలా ఉంటే నేను ఇంటికి వెళ్ళిపోతాను అన్నాను.

ఆదివారం పొద్దున జిగురు గుండ్రంగా కోసే యంత్రం తెచ్చాడు. డైరెక్టరు, ఫోటోల అమ్మాయి, నేను, మొత్తం నలుగురం. మూల నుంచి జానలు వేసుకుంటూ వెళ్ళి, నీలం రంగు మీద సుద్దతో చుక్క పెట్టాను. నా మోకాళ్ళకు ఆ నేల గుర్తుంది గానీ, కిందికి వంగాక మళ్ళీ లేవడానికి ఇద్దరి సాయం కావలసివచ్చింది. యంత్రం గోల ఆగాక జిగురు రెండు ముక్కలూ తీశాడు. ఒక్కోటి మంచినీళ్ళ గ్లాసంత ఉంది. నీళ్ళతో కడిగి బెంచీ మీద పక్కపక్కన పెట్టాడు.

పక్కనుంచి చూస్తే టోర్నమెంటు అంతా అందులో ఉంది. అడుగున తారు, దాని మీద ఇటుక ఎరుపు, ఆకుపచ్చలు, పైన నీలం పూతలు. గోడల మీద ఫోటోలు పెట్టే శ్రమ లేకుండా ఏళ్ళన్నీ వాటంతట అవే పేర్చుకున్నాయి. జిగురు మేకు మొనతో పైనుంచి లెక్కపెడుతూ వచ్చాడు. మధ్య ముక్కలో తెలుపు మీద ఆకుపచ్చ ఒకే మందంగా, అతుకు తెలియకుండా ఉంది. రెండు పూతలు ఒకదాన్నొకటి పట్టుకుంటే అలాగే ఉంటుంది. మూల ముక్కలో తెలుపు మీద ఆకుపచ్చ పలచగా, అక్కడక్కడా తెగిపోయి ఉంది. దాని పైన వెంట్రుక మందాన నల్లటి చార. ఆ చార పైన మళ్ళీ ఆకుపచ్చ.

"ఇదేంటక్కా, రెండు పూతల మధ్యన మురికి?" అన్నాడు జిగురు.

"బూట్ల మురికి. రెండు వారాలది."

"మరి దాని మీద ఈ పూత ఎవరు వేశారు?"

ఇది నేను శనివారం చెప్పలేదు. ఇక్కడ కూడా ఇంతదాకా రాయలేదు. ఫైనల్ మర్నాడు గుంపుకి సెలవు. ఆ పొద్దున ఒక చిన్న డబ్బా, బ్రష్షు సంచిలో పెట్టుకుని నేను వెళ్ళి ఆ మూడడుగులకూ రెండో పూత వేసి వచ్చాను. ఎవరైనా వచ్చి వంగి చూస్తే మా ఆయన నిర్దోషి అని అక్కడికక్కడే తేలిపోయేది. వచ్చేలోపు నేనే కప్పేశాను. బయల్దేరుతుంటే ఆయన తనే టీ పెట్టి ఇచ్చారు. ఎక్కడికి అని అడగలేదు. "ఆరేదాకా అక్కడే ఉండి రా. తడి మీద ఎవరైనా తొక్కుతారు" అన్నారు. నేను తలుపు దాటేశాను. ఆ మాటకు అర్థం ఏమిటో అప్పుడే తెలిసింది. తెలియనట్టు పదిహేడేళ్ళు ఆయన పక్కనే బతికాను.

"నేనే వేశాను" అన్నాను.

జిగురు నోట మాట రాలేదు. అతని జీవితంలో అది మొదటిసారి అనుకుంటాను. డైరెక్టరు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా బెంచీ మీద పెట్టి, ఆ కింది రాత మారుద్దాం అన్నాడు.

మార్చడం దగ్గర ఇంకో పేచీ వచ్చింది. "సాంకేతిక కారణాల వల్ల ఆనాటి నిర్ణయం అపార్థానికి గురైంది" అని ఆయన రాయించాడు. సాంకేతిక కారణం అంటే నేనేనా బాబూ అని అడిగాను. ఫోటోల అమ్మాయి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. మీ పేరు బజారున పడటం ఎందుకమ్మా అని ఆయన నసిగాడు. మా ఆయన పేరు బజారున పడి ఇరవై మూడేళ్ళయింది, నాది నాలుగు రోజులు పడితే అరిగిపోదు అన్నాను. చివరికి కాగితం, పెన్ను నాకే ఇచ్చారు. నా రాత నెమ్మది. అందరూ ఓపిగ్గా నిలబడ్డారు.

"ఈ బంతి బయటే పడింది. గీత పక్కన కనిపించే తెలుపు గీత కాదు, ఈ గీత వేసిన నేను రెండో పూత వేయని పాత అంచు. అది చూసి సరిగ్గా చెప్పింది మా ఆయన ఒక్కరే."

ఒక షరతు పెట్టాను. ఎడంచెయ్యి ఆవిడకు ముందే తెలియాలి. నలుగురిలో, గోడ ముందు నిలబెట్టి తెలియజెయ్యడం అన్యాయం. ఇన్నేళ్ళూ ఆవిడ అడిగిన ప్రతివాళ్ళకూ, నా కప్పు ఒక దర్జీ కత్తిరించాడు అని చెబుతూ వచ్చింది. ఆ మాట మీద ఆనుకుని బతికింది. మా ఆయన నిర్దోషి అయితే, ఆవిడ ఓటమి ఉత్త ఓటమి అవుతుంది. ఆ కర్ర కూడా లాగేస్తున్నది నేనే. ఫోటోల అమ్మాయి ఉత్తరం రాసి, ఆ రెండు ముక్కల ఫోటోలు జతచేసి పంపింది. జవాబు రాలేదు. రెండు నెలలు గడిచాయి. ఆవిడ ఇంక రాదని డైరెక్టరు తేల్చేశాడు. తెరవడానికి వేరే ఎవరినైనా చూడమన్నాడు.

టోర్నమెంటు మొదటి రోజు పొద్దున పదింటికి గది తెరవాలి. పది కొట్టకముందే ఆవిడ వచ్చింది. జుట్టు సగం నెరిసింది, నడక మాత్రం అదే, ఎడమ భుజం ముందుకు వేసి. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఆఖరి గోడ దగ్గరకు వెళ్ళింది. కింద అద్దాల పెట్టెలో ఉన్న రెండు ముక్కలనూ వంగి చూసింది. నా రాత చదివింది. ఆవిడ కూడా రెండుసార్లు చదివినట్టే ఉంది.

తర్వాత గది అంతా వెతికి, చూపు నా మీద ఆపింది. ఎవరో చెప్పి ఉంటారు. దగ్గరకు వచ్చింది.

"బయటే పడిందా?"

"బయటేనండి."

"ఎంత?"

వేలు చూపించాను. ఆవిడ నా వేలి వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నేను ఆయనను అందరిముందూ కళ్ళున్నాయా అని అడిగాను."

"నన్ను అడగాల్సిందండి. మీకు తెలియదు."

ఈలోపు తలుపులు తీశారు. కెమెరాలు, మైకులు, జనం ఒక్కసారిగా లోపలికి వచ్చి ఆవిడ చుట్టూ మూగారు. కింది రాత ఇంకా ఎవరూ చదవలేదు. ఒక టీవీ అబ్బాయి, మేడం, ఎప్పటిలా ఆ పాయింటు కథ మీ మాటల్లో ఒకసారి చెప్పండి అని మైకు పెట్టాడు. నవ్వడానికి సిద్ధమై అందరూ ఆవిడ మొహం చూస్తున్నారు. ఆ దర్జీ మాట ఎక్కడ వస్తుందో వాళ్ళందరికీ కంఠతా వచ్చు.

ఆవిడ మైకు కొంచెం పక్కకు జరిపింది. ఫోటో వైపు తిరిగింది.

"ఆ బంతి అవుట్. ఆయన సరిగ్గానే చెప్పారు. ఆ తర్వాత ఆడలేక ఓడిపోయింది నేను" అంది.

అందరూ ఒకేసారి అడగడం మొదలుపెట్టారు, కింది రాత చదవడానికి ముందువాళ్ళను వెనకవాళ్ళు తోశారు. ఆ తోపులాటలో ఆవిడ నా పక్కనుంచి బయటికి వెళ్తూ ఆగింది.

"ఆయన సంగతి చెప్పేశాను. మీతో మాట్లాడాలంటే మాత్రం నాకు ఇంకా కొంచెం టైం కావాలి" అంది.

"తీసుకోండి" అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. లోపల ఎవరో పెద్దమనిషి, చెవి సరిగా వినపడదు కాబోలు, కింది రాత బిగ్గరగా చదివించుకుంటున్నాడు. ఒక ఆడపిల్ల గొంతు అక్షరం పోకుండా చదివి వినిపిస్తోంది. ఆఖరి వాక్యం దాకా ఉండి, నేను ఇంటికి బయల్దేరాను.